మనసు గాయాన్ని సిగ్గుతో కప్పవద్దు

విశ్వవిద్యాలయ విద్యార్థుల మానసిక ఆరోగ్యం, ప్రమాదకరమైన లైంగిక ప్రవర్తన. ఇదీ ఈరోజు మన అంశం. మన సంఘాల్లో ఇది పెదవి దాటని మాట. డిప్రెషన్‌ను విశ్వాసలోపం అంటాం, రెండోదాన్ని పాపం అని తీర్పు తీరుస్తాం. రెంటికీ మధ్య ఉన్న దారిని మాత్రం చూడం.

బళ్ళారి సంగతి మీకు తెలిసిందే. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది; ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్ళాయి. గీత మారినా చదువుల కోసం, పనుల కోసం రాకపోకలు ఆగలేదు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, తరగతిలో ఇంగ్లీషు. పల్లె నుంచి హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడు తన దిగులు ఏ భాషలో, ఎవరితో చెప్పుకోవాలి?

చెప్పుకోలేని దిగులు వేరే దారి వెతుక్కుంటుంది. తనకు విలువ లేదనుకునే అమ్మాయికి ‘వద్దు’ అనడం కష్టమవుతుంది; వదిలి వెళ్ళిపోతాడేమోనని కండోమ్ మాట ఎత్తదు. ఒంటరితనం మరచిపోవడానికి తాగిన అబ్బాయికి జాగ్రత్త తప్పుతుంది. తర్వాత భయం, అపరాధభావం. ఆ భయంతోనే పరీక్షకు వెళ్ళరు, దిగులు ఇంకా పెరుగుతుంది. అందరి విషయంలో ఇలాగే జరుగుతుందని నేననడం లేదు. కానీ ఈ సుడిగుండంలో చిక్కినవారికి మన తిట్లు చేయూత కావు. ఇంకొక మాట: బలవంతానికి గురైనవారు పాపం చేసినవారు కారు, నేరానికి గురైనవారు.

ఈ జిల్లాకు గర్వించదగిన చరిత్ర ఉంది. 1985లో బెంగళూరు నిమ్హాన్స్ ఇక్కడే ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లె దగ్గరికే తెచ్చింది. దాన్నే ‘బళ్ళారి నమూనా’ అన్నారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇదే పునాది. అంటే మనసుకు వైద్యం జ్వరానికి వైద్యం లాంటిదేనని దేశానికి చూపింది మన జిల్లా. అలాంటి చోట మన పిల్లలు ఆసుపత్రి మెట్లెక్కడానికి సిగ్గుపడుతున్నారంటే, ఆ సిగ్గు మనం నేర్పినదే.

ఏలీయాను గుర్తు చేసుకోండి. బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ప్రవక్తను దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మాటలు తర్వాత వచ్చాయి. మన వరుస కూడా అదే కావాలి.

యువతకు కొన్ని విషయాలు సూటిగా చెబుతాను. మనసు భారమైతే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హెచ్‌ఐవి గురించిన సందేహాలకు 1097. ప్రభుత్వ కేంద్రాల్లో హెచ్‌ఐవి పరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు, హెచ్‌ఐవి ఉందని చదువు మాన్పించకూడదు. ప్రమాదం జరిగిందనిపిస్తే తెల్లవారాక చూద్దామని ఆగకండి. హెచ్‌ఐవి సోకకుండా ఆపే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా వెళితే అంత మేలు.

పెద్దలకు, కాపరులకు ఒక మనవి. ఈ రెండు నంబర్లు మందిరం గోడ మీద రాసి పెట్టండి. యువజన కూడికలో ఏడాదికి ఒకసారైనా ఒక డాక్టరును, ఒక కౌన్సెలర్‌ను పిలిపించండి. ఎవరైనా పిల్ల వచ్చి నోరు విప్పితే ఆ మాట ప్రార్థన అంశంగా కూడా బయటికి పోనివ్వకండి. ‘ఎందుకు చేశావు?’ అనేముందు ‘అన్నం తిన్నావా అమ్మా?’ అని అడగండి. తర్వాత ఆసుపత్రికి తోడు వెళ్ళండి. పవిత్రత గురించి మీరు చెప్పే బోధ అప్పుడే వారి చెవికెక్కుతుంది.