అన్నిటికిని ఒక్కటే లెన్సా?



అన్నిటికిని పనికివచ్చు లెన్సొకటి చెప్పుడని మన సభ్యులు తరచుగా అడుగుచుందురు. దుకాణదారు సాధారణముగా చూపునది 24-105 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరాపై అది ఒక కొసను సుమారు 84 డిగ్రీల మేర దృశ్యమును, మరొక కొసను 23 డిగ్రీల మేరను గ్రహించును. డ్యూమా వీధిలో ఎదుటి గోడకు వీపానించి ఇల్లంతయు పట్టుటకు మొదటిది. 1836 నాటి దీపస్తంభపు శిఖరమును దగ్గరకు తెచ్చుటకు రెండవది. కడలియొడ్డున లెన్సు మార్చుచుండగా ఇసుక లోనికి పోవునను భయము లేదు.

ఈ సౌకర్యమునకు మూల్య మెక్కడ చెల్లింతుమో చూడవలెను. బీచి రోడ్డులోని పురపాలక భవనము, పరాసువారి మాటలో ‘మేరీ’, ఇందుకు తగిన పరీక్షాస్థలము. ఉదయపుటెండ దాని ముఖభాగముపై పడును. కెమెరాను స్టాండుపై గోడకు సమాంతరముగా నిలిపి, 24, 50, 105ల వద్ద చిత్రములు తీయుడు. ఇట్టి లెన్సులలో సాధారణముగా 24 వద్ద అంచుల స్తంభములు పీపావలె ఉబ్బును, మూలలు చీకటిపడును. 105 వద్ద గీతలు లోనికి వంగును. నేటి కెమెరాలు ఈ వంకరను తామే సవరించునుగాని, మూలలను సాగదీసి సవరించును. సాగినచోట స్పష్టత తగ్గును. కావున సవరణ లేని ముడి ఫైలును గూడ చూడవలెను. పిదప వెనుదిరిగి సూర్యునికెదురుగా ఒకటి తీసినచో వెలుగుమచ్చల సంగతి తేలిపోవును.

ఇది వట్టి చాదస్తమని కొందరనవచ్చును. 19వ శతాబ్దపు ఆ భవనము 2014 నవంబరు వానలలో కుప్పకూలినది. మనము చూచుచున్నది 2021లో ప్రారంభమైన పునర్నిర్మాణము. కూలినదానిని మరల కట్టువారికి పాత ఛాయాచిత్రమే కొలబద్ద కావచ్చును. స్తంభము వంగిన చిత్రము తప్పుడు సాక్ష్యము చెప్పును. పాత కట్టడములను తీయువారు తమ లెన్సులో వంకర తక్కువగా నుండు నడిమి స్థానమును కనుగొని అచ్చటనే పనిచేయుట మేలు.

ఉగాది సభలో పిల్లల నాట్యము వేరు సంగతి. ఎఫ్ 4 లెన్సు, ఎఫ్ 1.8 లెన్సు విడుచు వెలుగులో అయిదవవంతునే విడుచును. సెకనులో 250వ వంతు చాలినచోట 50వ వంతు కావలెను. ఆ లోపల పాప చేయి చెదరిపోవును. కుదుపును ఆపు ఏర్పాటు మన చేతివణకును ఆపునుగాని, పాప చేతిని ఆపలేదు. ఐఎస్ఓ పెంచవచ్చును, చిత్రము గరుకుబారును. ఇట్టి తల్లిదండ్రులు జూమ్‌తోపాటు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 చిన్న లెన్సొకటి కొనుట మంచిదని నా అభిప్రాయము.

కొనుటకు ముందు జూమ్ లెన్సును నేలవైపు వంచి పట్టుడు. గొట్టము తనంతట జారినచో దానిని తీసికొనకుడు.