రేగుపండ్ల బిళ్లలు – పండుగ కానుక
(సంక్రాంతికి ముందు కల్హేర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వంట గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుతారని తెలుసు.

ప్రతి సంక్రాంతికి మా ఇంటావిడ రేగుపండ్ల బిళ్లలు చేసి ఇరుగుపొరుగుకు, చుట్టాలకు పంచేది. ఏళ్ల తరబడి తిన్నాను గాని ఒక్కనాడూ పొయ్యి దగ్గర నిలబడి చూడలేదు. ఆమె కాలం చేసి ఏడాది తిరిగాక, సంక్రాంతి ముందు మనుమరాలు ఫోన్ చేసి "తాతా, ఈసారి బిళ్లలు పంపవా?" అని అడిగింది. సరేనన్నాను. తోచినట్టు చేసి, తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపాను. చేరేసరికి బూజు పట్టింది. కోడలు ఏమీ అనలేదు. మనుమరాలే చెప్పేసింది.

ఇప్పుడు పద్ధతి కుదిరింది. పుల్లటి నాటు రేగుపండ్లు కడిగి, మునిగేటన్ని నీళ్లలో మెత్తగా ఉడికించాలి. చేత్తో పిసికి జల్లెడలో రుద్దితే గింజలు, తోలు పైన మిగులుతాయి. వెనుకటివారు గింజలతోనే దంచి వడియాలు పెట్టేవారు. మన పళ్లకు అది కుదరదు! గుజ్జు ఎంత ఉంటే అందులో సగం బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త జీలకర్ర పొడి వేసి సన్నటి సెగపై కలుపుతూ ఉండాలి. ముద్ద గిన్నెను వదలగానే నెయ్యి రాసిన పళ్లెంలో పరచి, ఆరాక ముక్కలు కోయాలి. పైన పలుచని బట్ట కప్పి మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. మంచు పడకముందే లోపలికి తేవాలి. చేతికి అంటకుంటేనే పొట్లం కట్టాలి.

నాతో పనిచేసిన మిత్రుడొకరు పక్షవాతం వచ్చి ఇల్లు కదలడం లేదు. వట్టి చేతులతో పోవడానికి మొహమాటపడి చాలాకాలం పోనే లేదు. నిరుడు పొట్లం పట్టుకుని పోయాను. ఆయనకు షుగర్. బెల్లమైనా చక్కెరైనా ఒకటే కదా! ఒక్క బిళ్ల కూడా నోట పెట్టుకోకుండా అంతా మనుమడి చేతిలో పెట్టాడు. నన్ను మాత్రం రెండు గంటలు లేవనివ్వలేదు.

ఆ పొట్లం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. మా ఇంటావిడకు ముందే తెలుసు.

ఈ సభకు రాలేకపోయిన సభ్యులు మనలో ఎందరో ఉన్నారు. ఈ పండుగకు మీరూ ఒక పొట్లం కట్టి, ఒక్క ఇంటి తలుపు తట్టండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.