పొలానికీ పళ్లేనికీ నడుమ ఒక పత్రిక

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్‌కు వాయవ్యంగా, సుమారు నూట ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ ఓహాయ్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా ఎనిమిది వేలకు అటూఇటూ. 2002లో ఆ ఊళ్లో ట్రేసీ రైడర్, కేరల్ టొపాలియన్ అనే ఇద్దరు మహిళలు ‘ఎడిబుల్ ఓహాయ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. రైడర్ రాసే మనిషి, టొపాలియన్ ఫొటోలు తీసే మనిషి. ఆ లోయలోనూ చుట్టుపక్కలా ఏం పండుతోంది, ఎవరు పండిస్తున్నారు, ఎవరు వండుతున్నారు అన్నవే పత్రికకు విషయాలు. దూరపు మహానగరాల పేరుమోసిన వంటవాళ్ల ముచ్చట్లకు అందులో చోటివ్వలేదు.

ఓహాయ్ పేరు తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1922లో మొదటిసారి అక్కడికి వెళ్లారు. దేశదేశాలు తిరిగినా ఆయనకు ఇల్లంటూ ఉన్న చోట్లలో అది ముఖ్యమైనది. 1986 ఫిబ్రవరి 17న కన్నుమూసిందీ అక్కడే. ఆయన నివసించిన ఇంటి చుట్టూ నారింజ తోటలు ఉండేవి. ఆ లోయ బతుకంతా నిమ్మజాతి తోటల మీదే నడిచింది.

అక్కడి పిక్సీ టాంజరిన్ కథ తెలిస్తే అలాంటి ఊళ్లో ఆహార పత్రిక ఎందుకు పుట్టిందో బోధపడుతుంది. పిక్సీ కమలాపండు లాంటి చిన్న పండు. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని 1965లో విడుదల చేసింది. గింజ ఉండదు, తొక్క చేత్తోనే ఊడి వస్తుంది, మంచి తీపి. అయినా పెద్ద తోటల యజమానులు దాని జోలికి పోలేదు. కాయ చిన్నది, సీజన్ చివర్లో గాని పక్వానికి రాదు, ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు కాపు తగ్గుతుంది. టోకు వ్యాపారికి ఇవన్నీ లోపాలే. ఓహాయ్‌లోని చిన్న రైతులు ఆ పండునే పట్టుకుని, అంతా కలిసి, తమ ఊరి పేరు మీదే అమ్ముకున్నారు. మార్చి నుంచి మే దాకా దొరికే ఆ పండు కోసం ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు. పండు పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే కొనేవాడు పరిమాణం చూడడు, రుచి చూస్తాడు. ఆ సంగతులు చెప్పడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా.

దీనికి ముందే నేల సిద్ధమై ఉంది. 1971లో బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ తెరిచిన ‘షే పనీస్’ రెస్టారెంట్, వంటకాల పట్టికలో సరుకు ఏ పొలం నుంచి వచ్చిందో కూడా రాసే అలవాటుకు పేరుపొందింది. రైతు తన పంటను నేరుగా వినియోగదారుకే అమ్ముకునేలా కాలిఫోర్నియా ప్రభుత్వం 1977లో నిబంధనలు సడలించింది. అమెరికా మొత్తం మీద 1994లో 1,755 రైతుబజార్లు ఉంటే 2013 నాటికి అవి ఎనిమిది వేలు దాటాయి. రైతూ కొనేవాడూ ఎదురుబొదురుగా నిలబడ్డాక ఒకరి సంగతి ఒకరికి తెలుసుకోవాలనిపిస్తుంది. దినపత్రికల ఆహార పేజీల్లో వంటకం ఉండేది, రైతు ఉండేవాడు కాదు. వ్యవసాయ పత్రికల్లో రైతు ఉండేవాడు, తినేవాడు ఉండేవాడు కాదు. ప్రాంతీయ ఆహార పత్రిక ఆ ఖాళీలో మొలిచింది.

ఇలాంటి పత్రికకు పనిచేసేవాళ్లు గుప్పెడు మందే. చాలాచోట్ల భార్యాభర్తలో, ఇద్దరు స్నేహితులో ప్రచురణకర్తలు. సంపాదకత్వం వాళ్లదే, ప్రకటనల వసూలు వాళ్లదే, అచ్చయ్యాక కట్టలు కారులో వేసుకుని పంచేదీ వాళ్లే. వ్యాసాలు రాసేవాళ్లలో ఎక్కువమంది అదే జిల్లాలో ఉంటూ వేరే ఉద్యోగం చేసుకునేవాళ్లు. ఫొటోగ్రాఫర్ పని అందరికంటే ముందు మొదలవుతుంది. మూడు నెలలకోసారి వచ్చే పత్రికలో వసంత సంచిక తయారయ్యేది చలికాలంలో. అప్పటికి ఆ సంచికలో ఉండాల్సిన పంట చెట్టు మీద పండి ఉండదు. అందుకని పండ్లు కోసే బొమ్మలు ముందటి ఏడే తీసి దాచుకోవాలి. ఏ తోటలో ఏ వారం కోత పడుతుందో రైతుతో సమానంగా తెలిసి ఉంటేనే అది సాధ్యం. స్టూడియో దీపాల కింద అలంకరించిన పళ్లెం కంటే మట్టి అంటుకున్న ముల్లంగి కట్ట, కాయలు కాసిన చేతులు ఈ పత్రికలకు ముఖచిత్రాలుగా బాగా నప్పుతాయి.

ప్రకటనలు తెచ్చే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు గాని, పత్రిక బతికేది ఆ మనిషి కాళ్ల మీదే. ఈ పత్రికలను ఎక్కువగా ఉచితంగా పంచుతారు. రైతుబజారులో గల్లాపెట్టె పక్కన, బేకరీ గుమ్మంలో, సహకార దుకాణం మెట్ల దగ్గర కట్టలు పెట్టి ఉంటాయి, కావలసినవాళ్లు తీసుకుపోతారు. అచ్చు ఖర్చంతా ప్రకటనల మీదే రావాలి. ఇచ్చేది ఊళ్లోని రెస్టారెంట్లు, ద్రాక్షసారా తయారీదారులు, నర్సరీలు, వెచ్చాల దుకాణాలు. ప్రకటన ఇచ్చిన రెస్టారెంటే వ్యాసానికి విషయం కూడా కావచ్చు. పెద్ద నగరంలో ఈ రెంటి మధ్య గోడ కట్టడం తేలిక, చిన్న ఊళ్లో చాలా కష్టం. ఈ పత్రికలు సాధారణంగా రెస్టారెంట్లకు మార్కులు వేసే జోలికి పోకుండా, మెచ్చదగినదాన్ని ఎంచి రాస్తాయి. అది నిజాయితీ గల పద్ధతే గాని, దాని పరిమితి దానికి ఉంది.

2004లో జాతీయ స్థాయి ఆహార పత్రిక ‘సవూర్’ తన ఏటా వేసే నూరు మేలైన అంశాల జాబితాలో ఎడిబుల్ ఓహాయ్‌ను చేర్చింది. అలాంటి పత్రిక తమ ఊళ్లోనూ పెట్టాలని ఉందంటూ ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి. రైడర్, టొపాలియన్ అన్నిటినీ తామే నడపాలనుకోలేదు. ‘ఎడిబుల్ కమ్యూనిటీస్’ అనే సంస్థ పెట్టి, పేరు వాడుకునే లైసెన్సు, రూపకల్పన, శిక్షణ ఇచ్చారు. పత్రిక యాజమాన్యం మాత్రం ఆయా ఊళ్లవాళ్లకే వదిలేశారు. వాళ్లు చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే. అట్లాంటిక్ తీరంలోని కేప్ కాడ్‌లో తొలి పత్రికల్లో ఒకటి వచ్చింది. న్యూయార్క్ లాంగ్ ఐలండ్ తూర్పు కొసన ‘ఎడిబుల్ ఈస్ట్ ఎండ్’ సంపాదకుడైన బ్రయన్ హాల్‌వైల్ అంతకుముందు వరల్డ్‌వాచ్ సంస్థలో వ్యవసాయ పరిశోధకుడు. క్రమంగా అమెరికా, కెనడాలలో ఇలాంటివి పదుల సంఖ్యలో వెలిశాయి. 2011లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వీటన్నిటికీ కలిపి ఆ ఏటి ఉత్తమ ప్రచురణ పురస్కారం ఇచ్చింది. పాఠకుల ఓట్లతో తమ ప్రాంతపు రైతు, వంటవాడు, దుకాణదారు, స్వచ్ఛంద సంస్థ వగైరాలకు ‘లోకల్ హీరో’ గుర్తింపు ఇవ్వడం ఈ పత్రికల ఆనవాయితీ.

లోపాలూ ఉన్నాయి. ఓహాయ్ ఉన్న వెంచురా కౌంటీలో స్ట్రాబెర్రీలు, నిమ్మకాయలు కోసేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కూలీలు. వాళ్లలో చాలామంది ఒఆహాకా ప్రాంతపు మిష్టెక్ ఆదివాసులు, ఇంట్లో మాట్లాడేది స్పానిష్ కూడా కాదు. అందమైన ఆహార పత్రికల్లో తోట యజమాని ముఖం కనిపించినంతగా కోసే చేతుల వెనక మనిషి కనిపించడు. ఖరీదైన సరుకు కొనగలిగినవాళ్ల కోసమే ఈ పత్రికలన్న విమర్శలోనూ నిజం ఉంది. ఆర్థికంగానూ వాటి పునాది పలచన. 2020లో కోవిడ్ వల్ల రెస్టారెంట్లు మూతపడ్డప్పుడు ప్రకటనల రాబడి ఒక్కసారిగా పడిపోయింది.

తెలుగు నేల మీద పంట గురించి రాసే సంప్రదాయం బలమైనదే. 1969లో మొదలైన ‘అన్నదాత’ రైతుకు విత్తనం, ఎరువు, తెగుళ్ల సంగతి ఇంటికి తెచ్చిపెట్టింది. వంటల శీర్షికలకూ తెలుగు వారపత్రికల్లో కొదవలేదు. జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల జాతరలు జరిపి, 2008 నుంచి సొంత రేడియోలో తమ విత్తనాల గురించి తామే చెప్పుకుంటున్నాయి. పొలాన్నీ పళ్లేన్నీ ఒకచోట చేర్చి, కూలీని కూడా పేరుపెట్టి పలకరించే జిల్లా పత్రిక మాత్రం ఇంకా రావలసే ఉంది. మదనపల్లె టమాటా మార్కెట్ గురించి, ఉలవపాడు మామిడి గురించి, పాలమూరు జొన్నల గురించి రాయడానికి ఆ ఊళ్లవాళ్ల కంటే అర్హులు లేరు. పట్టాలు అందుకుంటున్న వ్యవసాయ, గృహవిజ్ఞాన, జర్నలిజం విద్యార్థుల్లో ఏ ఇద్దరు ముగ్గురైనా కలిసి, తమ జిల్లా పేరుతో మొదటి సంచిక తీసుకురావాలి. తొలి వ్యాసం కోత కూలీల గురించి రాయాలి.