పెరటి పిట్టలు, పెద్దల నోటి పేర్లు

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పిట్టల గురించి మాట్లాడతానని చెప్పగానే వెనక వరుసలో కొందరు తమ్ముళ్లు నవ్వారు. చదువులున్నాయి, ఉద్యోగాలున్నాయి, పోడు పట్టాలున్నాయి, మధ్యలో ఈ పిట్టల ముచ్చటేమిటని వాళ్ల అనుమానం. అడగవలసిన మాటే అది. నా మాటలు అయ్యేసరికి ఆ తమ్ముళ్లకు జవాబు దొరుకుతుందనుకుంటున్నాను.

ముందు కాలం సంగతి చెబుతాను. నాగోబా జాతర అయిపోయింది. శివరాత్రి దాటితే చలి వెళ్లిపోతుంది. మన ఆదిలాబాద్ అడవుల్లో పిట్టల్ని చూడటానికి ఇంతకన్నా మంచి రోజులు లేవు. దానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, టేకు ఆకు రాల్చింది. కొమ్మలు బోసిగా ఉన్నాయి కాబట్టి వానకాలంలో గొంతు మాత్రమే వినిపించిన పిట్ట ఇప్పుడు కంటికి కనిపిస్తుంది. రెండు, బూరుగ పూసింది, మోదుగ పూసింది, ఇంకొన్నాళ్లలో ఇప్ప పూస్తుంది. పూల తేనె కోసం గోరింకలు, చిలుకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, ఉడుతలు కూడా ఆ చెట్ల మీదికే వస్తాయి. తేనె తాగి మొహానికి పుప్పొడి పూసుకుని ఇంకో చెట్టుకు పోతాయి. మనం హోళీకి రంగు తీసే మోదుగ అలాగే కాయ కడుతుంది. మూడు, చలికాలం గడపడానికి వచ్చిన దూరదేశపు పిట్టలు ఇంకా ఇక్కడే ఉన్నాయి, ఇక్కడి పిట్టలేమో గూళ్ల పని మొదలుపెడుతున్నాయి. వెళ్లేవాళ్లు, ఉండేవాళ్లు ఇద్దరూ ఒకేసారి కనిపించే కాలమిది.

జొన్న చేల మీద గుంపులుగా దిగే గులాబీ గోరింకను మీరంతా చూసే ఉంటారు. తల, రెక్కలు నలుపు, వీపు, పొట్ట గులాబీ రంగు. కంకుల మీద వాలుతుందని దాన్ని అదిలిస్తాం. అది మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి తిరుగు ప్రయాణం కడుతుంది. అక్కడ పిల్లల్ని పెంచేటప్పుడు మిడతల్ని పెద్ద ఎత్తున తింటుంది కాబట్టి అక్కడి రైతుకు అది చుట్టం. ఇక్కడ దొంగ అనిపించుకున్న పిట్టే అక్కడ కాపలాదారు. ఏ ప్రాణినైనా ఒక్క చేను గట్టు మీద నుంచే చూసి తీర్పు చెప్పకూడదని నాకు నేర్పింది ఈ పిట్టే.

వీటికోసం అడవి లోపలికే పోనక్కర్లేదు. రేపు పొద్దున మీ పెరట్లో, బావి దగ్గరో పశువుల కొట్టం దగ్గరో కూర్చోండి. రావి చెట్టు మీద నుంచి టుక్, టుక్, టుక్ అని సుత్తి దెబ్బలాంటి శబ్దం వస్తే అది కంసాలి పిట్ట. పిడికిలంత ఉంటుంది, ఒళ్లంతా ఆకుపచ్చ, నుదుటి మీద ఎర్రటి బొట్టు. మర్రి, రావి, మేడి పండ్లు తిని ఆ గింజల్ని ఊరంతా నాటుతుంది. ఎండిన మెత్తటి కొమ్మకు తొర్ర చేసి అందులో గుడ్లు పెడుతుంది. మనం పొయ్యి కట్టె అనుకునే ఎండు కొమ్మ దానికి ఇల్లు.

మందార పూల మీద గిరగిరా తిరిగే తేనెపిట్టను చూడండి. చలికాలంలో మగపిట్ట మెరుపు పోయి ఆడపిట్టలాగే వెలిసిపోయి ఉంటుంది. ఈ రోజుల్లో మచ్చలు మచ్చలుగా కొత్త రంగు తొడుక్కుంటుంది. మార్చి వచ్చేసరికి ఎండలో నీలం, ఊదా కలిసి మెరుస్తుంది. వారానికొకసారి గమనించి రాస్తే ఆ మార్పంతా మీ నోటుపుస్తకంలో ఉంటుంది. పశువుల వీపు మీద కూర్చుని పురుగుల్ని పట్టే నల్లటి పసులపోలిగాడు, రెండాకులు కలిపి కుట్టి అందులో గూడు పెట్టే దర్జీ పిట్ట, ఎప్పుడు చూసినా ఐదారుగురు అక్కచెల్లెళ్లలా కలిసి తిరుగుతూ గోల చేసే బూడిద రంగు పిట్టలు, చింతచెట్టు తొర్రలోంచి మనల్ని చూసే పైడికంటె, వీటన్నిటి అడ్రసూ మన పెరడే. పైడికంటె అరిస్తే కీడని కొందరు రాళ్లు వేస్తారు. అది తినేది ఎలుకల్ని, పురుగుల్ని. గింజలు దాచుకునే ఇంటికి దానికన్నా మంచి కావలి ఎవరున్నారు?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఈ పిట్టలన్నిటికీ మన పెద్దల దగ్గర పేర్లున్నాయి. మన గోండిలో పిట్టను పిట్టె అంటాం, నెమలిని మల్ అంటాం, కోడిని కోర్ అంటాం. ఇవి మీకందరికీ తెలుసు. కానీ కంసాలి పిట్టను గోండిలో ఏమంటారని ఈ సభలో అడిగితే ఎన్ని చేతులు లేస్తాయి? కొలామీలో ఏమంటారు? నాయక్‌పోడ్ పెద్దలు ఏమంటారు? మీ ఊళ్లో పశువులు కాసిన తాతకు, ఇప్ప పువ్వు ఏరిన అవ్వకు తెలుసు. ఆ పిట్ట ఎప్పుడు కూస్తే ఏ పని మొదలుపెట్టాలో, ఏ చెట్టు తొర్రలో అది గూడు పెడుతుందో కూడా తెలుసు. అవన్నీ వాళ్ల నోటి మీదే ఉన్నాయి, ఎక్కడా రాసి లేవు. ఆ అవ్వను సాగనంపిన రోజు ఒక్క మనిషే కాదు, కొన్ని పేర్లు కూడా మనల్ని వదిలి వెళ్తాయి.

పేరు ఉంటే ఏమవుతుందంటారా? కడప జిల్లా కలివి కోడి కథ వినండి. జెర్డాన్ అనే ఆంగ్లేయ డాక్టరు 1848లో ఆ పిట్టను శాస్త్రానికి పరిచయం చేశాడు. ఆ శతాబ్దంలోనే మన పక్కనున్న సిరొంచ వైపు, భద్రాచలం వైపు కూడా అది కనిపించినట్టు రాసి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు అది కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపించింది ఒక స్థానిక వేటగాడు. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్లు లేని పిట్ట ఆ పల్లె జనం నోట్లో కలివి కోడిగా బతికే ఉంది. దాని కోసం తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, కాలువ దారి కూడా మార్చవలసి వచ్చింది. ఊరివాళ్లు గుర్తుపెట్టుకోవడం వల్లే ఇదంతా జరిగింది.

రెండో కథ మన జిల్లాదే. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులున్నట్టు 2013లో వెలుగులోకి వచ్చింది. దేశమంతటా రాబందులు వందకు తొంభై ఐదుకు పైగా చచ్చిపోయిన రోజులవి. పశువుల నొప్పికి వాడే డైక్లోఫినాక్ అనే మందే దానికి కారణం. మందు వేసిన పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. మీ ఊళ్లో ఎవరైనా ఇప్పటికీ మనుషుల సీసాలోని ఆ మందును పశువుకు పొడిపిస్తుంటే, వద్దని చెప్పగలిగేది చదువుకున్న మీరే.

మరి మనం చేయవలసింది ఏమిటి? ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. ఏ డిగ్రీ అక్కర్లేదు. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో రాసి ఈబర్డ్‌లో నమోదు చేస్తే చాలు. ఏటా మన ఊళ్ల నుంచి కూడా ఆ లెక్క వెళ్లాలి. ఆ నాలుగు రోజులు దాటిపోయినా ఈబర్డ్ మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

దానితోపాటు మనదైన నోటుపుస్తకం ఒకటి పెడదాం. తేదీ, వేళ, ఊరు, ఏ చెట్టు మీద, ఏ పిట్ట, ఎన్ని, అది ఏం చేస్తోంది. ఆ పక్కన రెండు గడులు తప్పకుండా ఉండాలి. ఒకటి, మన భాషలో దాని పేరు. రెండు, ఆ పేరు చెప్పిన పెద్దల పేరు. పక్క ఊళ్లో వేరే పేరు చెబితే రెండూ రాయండి, ఒకటి తప్పని కొట్టేయకండి. మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. తెలుగు లిపితోపాటు అందులోనూ రాయండి. అవ్వ ఒప్పుకుంటే ఆమె గొంతును ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌లోని యాప్ కూత విని పిట్టను గుర్తుపట్టగలదు గానీ, మీ అవ్వ దాన్ని ఏమని పిలిచిందో చెప్పలేదు. ఆ పని మీదే.

ఇంకొన్ని చిన్న పనులున్నాయి. పెరట్లో లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. ప్రమాదం లేని చోట ఒక ఎండు కొమ్మను నరకకుండా ఉంచండి. గూటి దగ్గరికి పోయి ఫొటోలు తీయకండి, తల్లి పిట్ట బెదిరి గుడ్లు వదిలేస్తుంది. ఇప్ప పువ్వు ఏరే కాలంలో చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నేల మీద గుడ్లు పెట్టే అడవికోడికి, తీతువు పిట్టకు అదే కాలం. చీపురుతో ఊడ్చి, పాత చీరలు పరిచి పువ్వు పట్టుకుంటే పువ్వుకు మసి అంటదు, గూడు కాలదు. మనింట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పేటప్పుడు మర్యాదగా చెప్పండి. అడవిని ఇన్నాళ్లు కాపాడింది వాళ్లే. పిల్లల చేతిలోని గులేరు లాక్కోకండి, దాని బదులు ఒక నోటుపుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.

మన గుస్సాడీ టోపీలో వందలాది నెమలి ఈకలుంటాయి. నెమలి రాల్చిన ఈకలతోనే అంత గొప్ప కిరీటం కట్టారు మన పెద్దలు. ఆ కిరీటం తల మీద పెట్టుకునే జాతికి పిట్టలు పరాయివి కావు.

చదువు, ఉద్యోగం, పట్టా అన్నీ కావాలి. వాటి కోసం అడిగేటప్పుడు ఈ నేల మాదని చెబుతాం. ఈ నేల మాదని చెప్పేవాడికి ఆ నేల మీది చెట్టు పేరు, పిట్ట పేరు తన భాషలో తెలిసి ఉండాలి. నవ్విన తమ్ముళ్లకు నా జవాబు ఇదే. వచ్చే జాతర నాటికి ప్రతి గూడెం నుంచి ఒక నిండు నోటుపుస్తకం సంఘానికి చేరాలని కోరుకుంటున్నాను.

జై సేవా.