పది కిలోల చేప, ఏడు కిలోల ముక్క

ఫిల్మ్‌నగర్ బస్తీల పొదుపు సంఘాల తరఫున సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం



మేము బ్యాంకు లింకేజీ అప్పులో కొంత పెట్టి చేపల కూర వండి అమ్ముతున్నాం. సంగతి తెలిసినప్పటి నుంచి మిగతా సంఘాల వాళ్లు ఒకటే అడుగుతున్నారు. "మేమూ పెట్టొచ్చా? అందులో మిగుల్తదా? కిస్తీ కట్టగలమా?" అందుకే ఈ సభలో మమ్మల్ని మాట్లాడమన్నారు. మా జవాబు ముందే చెప్పేస్తాం. పెట్టొచ్చు, మిగులుతుంది. కానీ చేప తెలియాలి, దాని కంటే ముందు లెక్క తెలియాలి. రెండిట్లో ఏది లేకపోయినా అప్పు మాత్రం మిగులుతుంది.

మన చోటు గురించి రెండు మాటలు. మద్రాసు నుంచి సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కి తరలి వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది, తర్వాత మిగతా స్టూడియోలు వచ్చాయి. వాటి చుట్టూ డ్రైవర్లు, లైట్‌మెన్, సెట్ పనివాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు మన బస్తీల్లో, కృష్ణానగర్‌లో స్థిరపడ్డారు. గోదావరి జిల్లాల వాళ్లు ఉన్నారు, పాలమూరు వాళ్లు ఉన్నారు, ఉత్తరాంధ్ర వాళ్లు ఉన్నారు. అందరికీ చేపల పులుసు కావాలి. పులస, కొర్రమీను రోజూ కొనే స్తోమత ఎవరికీ లేదు. రోజువారీ తినేది బొచ్చె, రవ్వ, బంగారు తీగ. "బొచ్చెలో ముళ్లు" అని మొహం తిప్పుకునేవాళ్లు కూడా చివరికి అదే తింటారు. మన వ్యాపారం వీటి మీదే.

చేపని తెలుసుకోవడం

బొచ్చెని కట్ల అంటారు. రవ్వని కోస్తా వాళ్లు శీలావతి అంటారు, ఇంగ్లీషు వాళ్ల రోహు అదే. మూడోది మోసు, అంటే మృగాల. ఈ మూడూ ఒకే చెరువులో కలిసి పెరుగుతాయి. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, రవ్వ మధ్యలో, మోసు అడుగున. ఒకదాని మేత ఇంకొకటి లాక్కోదు. అందుకే రైతులు మూడూ కలిపి వేస్తారు. బంగారు తీగ బయటి దేశాల నుంచి వచ్చిన చేప. అది కూడా అడుగున బురద కెలికి తింటుంది. అడుగున మేసే చేపకి మట్టివాసన కొంచెం ఎక్కువ ఉండొచ్చు. కొనేటప్పుడు, కడిగేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఈ చేపలు ఇంత విరివిగా దొరకడం వెనక ఒక కథ ఉంది. బొచ్చె, రవ్వ, మోసు వానాకాలం వరద నీటిలో, నదుల్లో గుడ్లు పెడతాయి. చెరువు నిలవ నీటిలో మామూలుగా పెట్టవు. అందుకని ఒకప్పుడు పిల్లల్ని నదుల్లో పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త సూదిమందుతో వీటి చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నారు. ఆ పద్ధతి వచ్చాకే కొల్లేరు చుట్టూ, కైకలూరు, భీమవరం వైపు అన్ని చెరువులు నిండాయి. మన తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లల్ని ఉచితంగా చెరువుల్లో వదులుతోంది. మామూలు చెరువులకి 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, రిజర్వాయర్లకి 80-100 మిల్లీమీటర్ల పిల్లలు. వానలు పడ్డాక వదిలితే, ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు వల వేస్తారు. అందుకే ఎండాకాలంలో ఊరి చెరువు చేప ఎక్కువగా దిగుతుంది.

దగ్గర్లోనే దుర్గం చెరువు ఉంది కదా, అక్కడ పట్టింది చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే తీసుకోకండి. గోల్కొండ కోటకి మంచినీళ్లు ఇచ్చిన చెరువే అది, కాదనం. కానీ నగరం నడిబొడ్డున ఉన్న చెరువుల్లోకి మురుగు కలుస్తుంది. మురుగు ఎక్కువైతే నీటిలో గాలి తగ్గి చేపలు చచ్చి తేలతాయి. తేలిన చేప ఎప్పుడు చచ్చిందో, ఏం తాగి చచ్చిందో ఎవరు చెప్తారు? ఎక్కడి చేప అని అడిగితే జవాబు చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనాలి.

కొనేచోట జాగ్రత్త

తెల్లవారుజామునే ముషీరాబాద్ మార్కెట్‌కో, బేగంబజార్‌కో వెళ్లాలి. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, గుంట పడకూడదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. పొలుసు గట్టిగా పట్టుకుని ఉండాలి. చెరువు వాసన వస్తే ఫర్వాలేదు, ఘాటు వాసన వస్తే వదిలేయండి. మార్కెట్ మొత్తం వాసన వేస్తుంది కాబట్టి చేపని చేతిలోకి తీసుకుని మొప్ప దగ్గర వాసన చూడాలి. ఐసు దులిపించి, నీళ్లు కారనిచ్చి అప్పుడు తూకం వేయించాలి. ఐసుకి చేప రేటు కట్టడం మనకెందుకు?

2018లో ఫార్మలిన్ గొడవ జరిగింది. శవాలు చెడకుండా వాడే మందు చేపలకి పూస్తున్నారని వార్తలు వచ్చి, అస్సాం ఆంధ్ర చేపని కొన్నాళ్లు ఆపేసింది. కొల్లేరు రైతు నుంచి బండి డ్రైవర్ దాకా దెబ్బ తిన్నారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఆ మందుని అక్కడికక్కడే పట్టిచ్చే కాగితం ముక్కల కిట్టు తయారు చేసింది. అనుమానం ఒక్కసారి వచ్చిందంటే మంచి చేప కూడా అమ్ముడుపోదని ఆ గొడవ చెప్పింది. మన గిన్నె మీద అలాంటి మాట ఒక్కటి పడితే ఆ వీధిలో మళ్లీ అమ్మలేం.

తెచ్చిన చేపకి సరిసమానంగా ఐసు ఉండాలి. కిలో చేపకి కిలో ఐసు, ఒక వరస చేప, ఒక వరస ఐసు. కరిగిన నీళ్లు కిందికి పోవడానికి డబ్బాకి కన్నం ఉండాలి. ఆ నీళ్లలో నానితే చేప త్వరగా చెడుతుంది. ఎండాకాలంలో ఆటో ఎక్కించే ముందే ఐసు వేయండి, ఇంటికి వచ్చాక కాదు.

కడగడం, వండడం

పొలుసు తీసి, మొప్పలు, రెక్కలు కోసి, పొట్ట చీల్చాలి. లోపల పచ్చగా ఉండే పిత్తాశయం పగలకూడదు. పగిలితే ముక్కంతా చేదు. చేదు ఒక్కటే అయితే ఇంతగా చెప్పం. చేప పిత్తం పచ్చిగా మింగితే షుగర్ తగ్గుతుందని, ఆయాసం పోతుందని మన బస్తీల్లో కొందరు అడిగి మరీ పట్టుకెళ్తారు. ఇవ్వొద్దు. రవ్వ, గడ్డిచేప లాంటి చేపల పిత్తం మింగి మూత్రపిండాలు పాడై డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. డాక్టర్లు ఈ కేసులు వైద్య పత్రికల్లో రాశారు. ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. ఎవరు అడిగినా, ఎంత బతిమాలినా చెత్తలోకే పోవాలి.

పొట్ట లోపలి పొర, వెన్నుముల్లు దగ్గర గడ్డకట్టిన రక్తం గీకేయాలి. రాళ్ల ఉప్పు, పసుపు పట్టించి రెండు మూడు నీళ్లు కడగాలి. మట్టివాసన చెరువులోని నాచు వల్ల వస్తుంది. నిమ్మరసమో, చింతపండు నీళ్లో పట్టించి కాసేపు ఉంచితే చాలావరకు తగ్గుతుంది. వ్యర్థాలు నాలాలో వేయకండి. కవర్లో కట్టి తడిచెత్తలో స్వచ్ఛ ఆటోకి ఇవ్వండి. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే వంట ఆగేది మనదే.

పులుసు ఎలా పెట్టాలో ఇక్కడున్న ఎవరికీ నేర్పక్కర్లేదు. ఒకరు మెంతులు, ఆవకాయ నూనె అంటారు, ఇంకొకరు నువ్వులు, ఎండుకొబ్బరి నూరిపోయాలంటారు. అమ్మకానికి మాత్రం ఒకే రుచి ఉండాలి, రోజుకో చేతివాటం కుదరదు. పులుసు బాగా మరిగాకే ముక్క వేయాలి. వేశాక గరిట పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి. ముక్క విరిగితే గిరాకీ విరిగినట్టే. ముక్కల కూరకి రవ్వ మంచిది. బొచ్చెకి తల పెద్దది, తలకాయ పులుసుకి అదే మంచిది. చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉంటే పొట్టముక్క ఇవ్వండి, దానిలో సన్నముళ్లు తక్కువ. ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు మింగించకుండా ఆసుపత్రికి పంపండి.

మర్నాటి పులుసు రుచి అని మనం ఇంట్లో అనుకుంటాం. అమ్మేది మాత్రం ఏ రోజుది ఆ రోజే.

అసలు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉదాహరణకి కిలో 150 రూపాయల చొప్పున పది కిలోలు కొన్నామనుకుందాం. 1,500 రూపాయలు. 70 గ్రాముల ముక్క చొప్పున పది కిలోలకి 143 ముక్కలు వస్తాయని, ముక్క పదిన్నర రూపాయలు పడిందని అనిపిస్తుంది. కానీ పొలుసు, మొప్ప, లోపలి భాగాలు పోయి, తలకాయలు విడిగా తీసేస్తే ఏడు కిలోలే మిగిలాయనుకోండి. అప్పుడు వచ్చేవి 100 ముక్కలే, ముక్క పడింది 15 రూపాయలు. పది కిలోల లెక్కన ధర పెట్టినవాళ్లకి మొదటి రోజే నష్టం మొదలైంది.

దీనికి ఆటో 300, నూనె, చింతపండు, మసాలా, గ్యాస్ కలిపి 700 వేయండి. మొత్తం 2,500. ప్లేటుకి రెండు ముక్కలు, 80 రూపాయలకి అమ్మితే 50 ప్లేట్లకి 4,000. మిగిలింది 1,500 అని సంబరపడతాం. ఆగండి. తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌కి వెళ్లిందెవరు? కత్తిపీట ముందు కూర్చున్నదెవరు? పొయ్యి దగ్గర నిలబడిందెవరు? ముగ్గురు ఆడవాళ్లకి తలా 300 కూలి రాస్తే 900. అప్పుడు మిగిలేది 600. పది ప్లేట్లు అమ్ముడుపోక మిగిలిపోతే? వచ్చేది 3,200, ఖర్చు 3,400. 200 నష్టం. తలకాయల పులుసు అమ్మితే ఆ నష్టం కొంత పూడుతుంది, అందుకే దాన్ని వేరే పద్దుగా రాయాలి.

ఈ అంకెలు ఉదాహరణకి చెప్పినవి. రేట్లు రోజూ మారతాయి. మీ చేప, మీ తూకం మీరే వేసి రాసుకోండి. పద్ధతి మాత్రం మారదు. కూలి రాయని పుస్తకంలో ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది. ఆ లాభం నిజానికి మనకి మనం ఎగ్గొట్టుకున్న కూలి. ఇంట్లో వంటకి ఎవరూ లెక్క కట్టరు కాబట్టి ఇక్కడ కూడా కట్టొద్దని మనకి అలవాటైపోయింది. సంఘం డబ్బుతో చేసే పనిలో ఆ అలవాటు పనికిరాదు.

షూటింగ్ ఆర్డర్ల గురించి కూడా అడుగుతున్నారు. వంద ప్లేట్లు ఒక్కసారి పోతాయంటే ఆశ పుడుతుంది. కానీ వాన పడితే షూటింగ్ ఆగుతుంది, డేటు మారుతుంది. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఆగింది. 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మెతో మళ్లీ ఆగింది. అందుకే సగం డబ్బు ముందు చేతికి వస్తేనే చేప కొనాలి. రోజువారీ ఆదాయం మాత్రం వీధిలో తినే మనుషుల మీదే ఆధారపడాలి. శ్రావణం, కార్తీకంలో, సోమ, శనివారాల్లో గిరాకీ తగ్గుతుంది, ఆ రోజుల్లో తక్కువ తేవాలి. జూన్‌లో మృగశిర కార్తె రోజు ఊరంతా చేపే కావాలంటుంది, రేటు కూడా అలాగే ఎక్కుతుంది. ఆ రోజుకి ముందే ఆర్డర్లు రాసుకుని, ఆ లెక్కకే కొనండి.

ఇంకో రెండు సంగతులు. వ్యాపారానికి ఇంటి సిలిండర్ వాడకూడదు, కమర్షియల్ సిలిండరే వాడాలి. చిన్న తిండి వ్యాపారమైనా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ.లో నమోదు చేసుకోవాలి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకి యూనిట్ ఖర్చులో 60 శాతం వరకు సబ్సిడీ ఉంది. చేపలు అమ్మే బండి లాంటి వాటికి కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ మిగతా 40 శాతం మనదే, దాని కిస్తీ కూడా మనదే. పుస్తకంలో ఆరు నెలల లెక్క చూసుకున్నాకే బండి మాట ఎత్తుదాం.

సభ ముందు మేము పెడుతున్న తీర్మానాలు మూడు. ఒకటి, చేపల పని చేసే సంఘాలన్నీ కలిసి ఒకే ఆటోలో, ఒకే బేరంతో కొనాలి. రెండు, కొన్న తూకం, కడిగాక తూకం, మిగిలిన ప్లేట్లు రోజూ రాయాలి, నెలకోసారి సమాఖ్యలో చదవాలి. మూడు, కూలి ముందు పంచి, లాభం తర్వాత చూడాలి. కూలి కూడా రాని నెల వస్తే ఆ పని ఆపే హక్కు సంఘానికి ఉండాలి, దానికి ఎవరూ ఎవర్నీ దెప్పకూడదు.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు లేచి చెప్పండి, మినిట్స్ పుస్తకంలో అదీ రాయిద్దాం. సెలవు.