పద్దుకెక్కని చేప
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో ఆంధ్ర మహాభారతమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కొరమీనును గూర్చి మాటలాడెదనని నేను మనవి చేసితిని. వారొక్క క్షణము నా ముఖము వంక చూచి, 'సరే, మీ చిత్తము' అనిరి. భారతము తప్పించుకొని పోవుచున్నాడని మీరు తలపవలదు. భారతము కూడ నడుమ వచ్చును.

మన గ్రంథాలయపు అరుగు మీద సాయంకాలము దినపత్రిక చదువువారిలో గాలపువారు పలువురు కలరు. నేను గాలము పట్టినవాడను కాను. లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. కరణీకము 1984లో రద్దయినను ఊరిలో లెక్కలు వ్రాయువాడొకడు ఎప్పుడును ఉండును గదా. ఆ పని ఇప్పుడు నా వంతు వచ్చినది. కాని అరుగు మీద కూర్చుండి వీరి మాటలు వినుచు ఎన్నో ఏండ్లు గడిపితిని. పూర్వము వారి మాటలు చేప పొడవును గూర్చి ఉండెడివి. మూర అని మొదలుపెట్టినది పత్రిక మడచువేళకు మూరన్నర అయ్యెడిది. ఇప్పుడు ఆ అతిశయోక్తి కూడ తగ్గినది. మొన్నమొన్న ఒక పెద్దాయన, 'గాలానికి కప్పను గుచ్చి పొద్దుగూకులు కూసుంటే, ఆ కప్పే మళ్ళా ఇంటికొస్తా ఉండాది సామీ' అనెను. అందరును నవ్విరి. ఆయన నవ్వలేదు.

సముద్రము ముంగిట పెట్టుకొని మంచినీటి చేపకై విచారించుట ఏమని మీరడుగవచ్చును. సముద్రపు చేపను విచారించుటకు పడవలవారున్నారు, శాఖ యున్నది, ఇప్పుడు మన తీరమున మత్స్యరేవు కూడ వెలసినది. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిలుపుదురు. చేప పిల్లలు పెట్టు కాలమని దానికి కారణము చెప్పుదురు. మన ఊరు దిన్నె, ప్రక్కనున్నది బిట్రగుంట. ఆ గుంటలలోను, ఇసుకలో త్రవ్విన దొరువులలోను, పంటకాలువలలోను, చెరువు కలుజు దిగువ మడుగులలోను బ్రతికెడి కొరమీనుకు అట్టి దినమొక్కటియు లేదు.

గోదావరి జిల్లాలవారు పులస తగ్గెనని వాపోవుదురు. ఆ వ్యాజ్యము స్పష్టముగా నున్నది. పులస సముద్రమునుండి నదికి ఎదురీది గ్రుడ్లు పెట్టునది. ధవళేశ్వరమున 1852 నాటికి కాటను దొరవారి ఆనకట్ట లేచెను. చేప దారి అక్కడ మూసికొనెను. గంగలోను 1975లో ఫరక్కా బరాజు వచ్చిన పిమ్మట పై ఊళ్ళకు ఆ చేప పోవుట మిక్కిలి తగ్గినది. వారికి నింద మోపుటకు ఒక రాతికట్ట యున్నది. మన కొరమీను ఎక్కడికిని ప్రయాణము చేయదు. పుట్టిన గుంటలోనే పెరిగి, అక్కడనే పిల్లలను పెంచును. కావున అది తగ్గినదన్నచో కారణము మన కాలినడక దూరములోనే వెదకవలసియున్నది.

ఈ చేప స్వభావమును కొంచెము వివరించెదను. ఇది మొప్పలతో మాత్రమే బ్రతుకజాలదు. నడుమ నడుమ నీటిపైకి వచ్చి గాలి మ్రింగవలెను. పైకి రానీయకున్నచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. నీరు తగ్గినప్పుడు బురదలో దాగి వానకై ఎదురుచూచును. తడి నేల మీద ప్రాకి ఒక గుంటనుండి మరియొక గుంటకు చేరును. భారత శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మూడు చేపల కథ మీరెరుగుదురు. ఆ పర్వమును తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరి సీమ కవియే. మడుగు ఎండనున్నదని ముందే గ్రహించి కాలువ వెంబడి తరలిపోయిన చేప బ్రతికెను. సమయమునకు ఉపాయము పన్నిన రెండవదియు బ్రతికెను. 'చూతములే' యని సోమరియై యున్నది చచ్చెను. ఆ కథ విన్నప్పుడెల్ల మొదటి చేప కొరమీనై యుండునని నాకు తోచును. ముందుచూపు, కాలువ, రెండును దానికుండెడివి. ఈనాడు ముందుచూపు ఉన్నను ప్రాకిపోవుటకు తడి దారి ఏది? పోయి చేరుటకు రెండవ గుంట ఏది?

ఇక దాని సంసారము. వాన కాలమున జంట చేపలు తుంగలోను నాచులోను గుండ్రముగా చోటు చేసికొని నీటిపై తేలెడి గ్రుడ్లు పెట్టును. ఒక్క జంటకు అవి వేల సంఖ్యలో నుండును. పిల్లలు వెలువడిన పిమ్మట ఎఱ్ఱని ముద్దవలె ఒక్క గుంపుగా కదలుచుండును. దూరమునుండి చూచువారికి నీటిపై ఎవరో కుంకుమ చల్లినట్లుండును. తల్లిదండ్రులు ఆ ముద్ద క్రిందనే తిరుగుచు కొన్ని వారములు కావలి కాయును. కప్ప వచ్చినను, పాము వచ్చినను, తమకంటె పెద్ద చేప వచ్చినను మీదికి దూకును. చేపలలో పిల్లలను ఇట్లు సాకునవి మిక్కిలి తక్కువ. చాల చేపలు గ్రుడ్లు విడిచి తమ దారిని తాము పోవును.

గాలపువారికి ఈ సంగతి శాస్త్రజ్ఞులకంటె ముందే తెలియును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఆకలితో తిరుగు కొరమీనును పట్టుట కష్టము. అది జిత్తులమారి, జీలుగు బెండు ఊగినంతనే అనుమానించును. పిల్లలతోనున్న కొరమీనును పట్టుట సులువు. ఎఱ్ఱముద్ద కనబడినచోట కప్పగాలము ఆడించినచో చాలును. అప్పుడది ఆకలికి కరవదు. పిల్లల మీదికి శత్రువు వచ్చెనని కరచును. కోల వంగును, చేప ఒడ్డున పడును, చూచువారు మెచ్చుకొందురు. రెండవదియు అదే కోపముతో అదే చోట చిక్కును. కావలి లేని పిల్లలను జెల్లలును, మట్టగిడసలును, కొంగలును పంచుకొనును. మరునాటికి నీరు నీరుగానే యుండును.

లెక్క చెప్పుట నా వృత్తి గనుక చెప్పుచున్నాను. కార్తీకము గడచిన పిమ్మట పట్టిన చేప ఒక్క చేప. ఎఱ్ఱముద్ద మీదనుండి లాగిన చేప కొన్ని వేల చేపలు. త్రాసులో రెండును ఒక్కటే బరువు తూగును. అరుగు మీది నా మిత్రులు ఈ మాటకు నొచ్చుకొందురని తెలియును. 'మా తాతలు పట్టలేదా సామీ?' అని వారడిగిరి. పట్టిరి, నిజమే. ఆనాడు నూరు గుంటలలో తొంబది గుంటల దరికి ఎవ్వరును పోయెడివారు కారు. మొలగొలుకుల వరి నెలల తరబడి నీటిలో నిలిచెడిది. పొలమే చేపకు ప్రసూతిగృహము. తాతల గాలము తిన్నది వడ్డీ. మనము తినుచున్నది అసలు.

అయినను దోషమంతయు గాలపువారిదే యనుట అన్యాయము. గాలము మిగిలినదానిని తీసినది. అంతకుముందే తీసికొన్నవి వేరుగా నున్నవి. వానిలో నా వృత్తికి దగ్గరయైనదానిని మొదట చెప్పెదను.

చెరువులో చేపల హక్కును పాట పెట్టుట పాత ఆచారమే. అది పంచాయతీకి గాని మత్స్య సహకార సంఘమునకు గాని రాబడి. పాట పాడినవాడు పెట్టుబడి రాబట్టుకొనవలెను గనుక త్వరగా పెరుగు పిల్లను తెచ్చి వదలును. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు సూదిమందుతో గంగాప్రాంతపు చేపజాతిచేత గ్రుడ్లు పెట్టించిన నాటినుండి అట్టి పిల్లకు కొరత తీరినది. అది దేశమునకు గొప్ప మేలు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు ఇంటింటికి వచ్చినవి. శీలావతి యనగా రోహితమే. శాకుంతల నాటకమున దుష్యంతుని ఉంగరమును మ్రింగి కీర్తికెక్కినది అదియే. అంతటి వంశము గలదానికి చెరువులో పెద్దపీట వేయుట వింత కాదు. కాని పిల్ల వదలుటకు ముందు చెరువును 'శుభ్రము' చేయవలెనని పుస్తకములు చెప్పును. శుభ్రమనగా ఇప్పచెక్క చల్లి, ఉన్న చేపలను చంపుట. ఆ పుస్తకములలో కొరమీను పేరు ఒక్కచోటనే కనబడును, నిర్మూలింపవలసిన మాంసాహారుల పట్టికలో. విత్తినదానికి పద్దు కలదు. విత్తకయే పండిన పంటకు పద్దు లేదు. దాని నష్టము ఏ కాగితము మీదను నష్టముగా కనబడదు. చేప నీటిలో నీరు త్రాగుట కనబడనట్లే ఉద్యోగి ధనము తినుట కనబడదని కౌటిల్యుడు పోలిక చెప్పెను. లెక్కలు వ్రాయువానికి ఆ పోలిక చురుక్కుమనును. కాని ఇక్కడ చేపయే కనబడకుండ పోయినది, లెక్క మాత్రము సరిగానే యున్నది.

పురుగుమందుల మాట అందరెరిగినదే. ఎండ్రిన్ డబ్బా పంటకాలువలో కడిగిన దినములు పెద్దలకు జ్ఞాపకమున్నవి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీముకోర్టు నిలిపివేసెను. చేపకు అంతటి విషము తక్కువ. తరువాత వ్యాధి. 1988లో ఈశాన్య రాష్ట్రములవైపునుండి దేశములోనికి వచ్చిన పుండ్ల జబ్బు కొద్ది ఏండ్లలో దక్షిణమునకు దిగెను. చలికాలమున ఒడలెల్ల ఎఱ్ఱని పుండ్లు పడి చేపలు తేలెడివి. అన్ని చేపలలోను కొరమీను జాతికి అది ఎక్కువ సోకెను. చెరువులో సున్నము చల్లుట దానికి మందు, చల్లినవారు కొందరే.

ఉప్పు సంగతి మన తీరమునకు ప్రత్యేకము. 1980ల చివరనుండి నెల్లూరు తీరమున రొయ్యల గుంటలు వెలసినవి. అవి ఎన్నో ఇండ్లకు అన్నము పెట్టినవని నేను కాదనను. 1994-95లో తెల్లమచ్చల జబ్బు వచ్చి చాలమంది చేతులు కాల్చుకొనిరి. గుంటల ఉప్పునీరు త్రాగునీటిని, సాగునేలను పాడుచేయుచున్నదను వ్యాజ్యములో 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2005లో చట్టము వచ్చెను. 2009 పిమ్మట వనామి రొయ్య వచ్చి గుంటలు మరల నిండెను. ఇసుకలో పైన తేలెడి మంచినీటిని పట్టి కూరపాదులకు పోయుటకు మన పెద్దలు దొరువులు త్రవ్విరి. ప్రక్కన ఉప్పుగుంట వచ్చినచోట దొరువు నీరు నాలుకకే తెలియును. కొరమీను కొంత ఉప్పును ఓర్చును గాని సముద్రమును ఓర్వదు.

ఇప్పుడు బజారులో కొరమీను దొరకుట లేదా యని అడుగుదురు. దొరకుచున్నది. చెరువులలో మేత వేసి పెంచి, తొట్లలో ప్రాణముతో తెచ్చి అమ్ముచున్నారు. తెలంగాణమువారు దానిని రాష్ట్రపు చేపగా గౌరవించుకొనిరి. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసమునకు మందు పెట్టి మ్రింగించునది కొరమీను పిల్లనే. నెల్లూరు చేపల పులుసునకు పేరు తగ్గలేదు. కొనగలవారికి చేప కొదువలేదు. కూలి లేని దినమున సంజవేళ వెదురు కోల భుజాన వేసికొని పోయి, ఇంటికి కూర తెచ్చువాని చేప మాత్రము లేదు. నేను చెప్పునది ఆ చేపను గూర్చి.

చట్టము లేదా యన్నచో, ఉన్నది. నీటిలో విషము కలిపి గాని, మందుగుండు ప్రేల్చి గాని చేపలను చంపరాదని 1897 నాటి చట్టమే చెప్పినది. బ్యాటరీ తీగలు నీటిలో దించి చేపలను స్తంభింపజేయువారు ఆ చట్టము పుట్టిన నాటికి లేరు. ఇంకను వెనుకకు పోయినచో, అశోకుడు తన పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వ్రాయించిన స్తంభశాసనమున కొన్ని పర్వదినములలో చేపలను చంపరాదు, అమ్మరాదు అని ఆజ్ఞాపించెను. అదే శాసనమున చూలుతోనున్న, పిల్లలకు పాలిచ్చుచున్న మేకను, గొఱ్ఱెను, పందిని చంపరాదనియు కలదు. చేపకు పాలు లేవు గనుక కొరమీను ఆ వరుసలో చేరలేదు. చక్రవర్తి మన దొరువుల ప్రక్కన ఒక శ్రావణము గడపియున్నచో చేర్చియుండునని నా నమ్మకము.

నేను కోరునది పెద్దది కాదు. పాట పత్రములో ఒక షరతు వ్రాయవచ్చును: కలుజు దిగువ మడుగును, దాని చుట్టు తుంగను పాటలో కలుపక విడువవలెను, అక్కడ ఇప్పచెక్క చల్లరాదు అని. దానివలన రాబడి ఎంత తగ్గునో నేను వేసి చూపుటకు సిద్ధముగా నున్నాను. అది పెద్ద మొత్తము కాదు. రెండవది గాలపువారితో మాట. ఎఱ్ఱముద్ద కనబడినచోట గాలము వేయకుండుటకు వారిలో నలుగురు అరుగు మీద ఇప్పటికే ఒప్పుకొనిరి. ఐదవవాడు, 'నేను వదిలితే ఇంకొకడు పట్టడా?' యని అడిగెను. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు నా యొద్ద లేదు గనుక ఒక పుస్తకము తెచ్చితిని.

అది మామూలు లెక్కల పుస్తకమే. నాలుగు గడులు గీసితిని: తేది, చోటు, కావలి జంట ఉన్నదా లేదా, పదునైదు దినముల పిమ్మట ఏమైనది. పేరు వ్రాయనక్కరలేదు. వ్రాయరానివారు చెప్పినచో గ్రంథపాలకుడు వ్రాయుటకు అంగీకరించెను. పుస్తకము దినపత్రికల బల్ల మీద నుండును. పెన్సిలును దారముతో బల్లకు కట్టితిని. నిన్నటి సాయంకాలమునకు మొదటి పుటలో మూడు పంక్తులు నిండినవి. వానిలో రెండింటి నాలుగవ గడి ఇంకను ఖాళీగానే యున్నది.