మొదటి ఏడాది మొనగాళ్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా నుంచి వచ్చాను కాబట్టి అక్కడి సంగతేదైనా చెప్పమన్నారు కార్యదర్శి గారు. నేనుండేది హ్యూస్టన్‌లో. చలికాలం ఆదివారాల్లో అక్కడ ఏ ఇంట్లో చూసినా టీవీలో ఫుట్‌బాలే. పేరుకు ఫుట్‌బాల్ గానీ బంతిని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. జట్టుకు 11 మంది. వాళ్లలో క్వార్టర్‌బ్యాక్ అనే అతని చేతికి ముందు బంతి వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో, తానే పరిగెత్తాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు ఎదుటి జట్టులోని భారీ మనుషులు అతన్ని పడగొట్టడానికి మీదికి వస్తుంటారు. క్రికెట్ కెప్టెన్ బాధ్యతా, కబడ్డీలో కూతకెళ్లినవాడి కష్టమూ ఒక్కడి మీదే పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ కుర్రాళ్ల గురించి అక్కడ ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంటుంది. మొదటి ఏడాది మెరిసినవాడు రెండో ఏడాది తడబడతాడని, పేరూ డబ్బూ రాగానే తల తిరుగుతుందని. మొదటి మాటలో నిజముంది. రెండో మాటతోనే నాకు పేచీ.

మా హ్యూస్టన్ జట్టు సంగతే చూడండి. 2022లో 17 ఆటల్లో మూడే గెలిచింది. 2023లో సి.జె. స్ట్రౌడ్ వచ్చాడు, పది గెలిచింది. అతను విసిరిన బంతులతో 23 టచ్‌డౌన్లు వచ్చాయి. అంటే మన వాడు బంతిని అవతలి గీత దాటించి ఆరు పాయింట్లు తేవడమన్నమాట. ఎదుటివాళ్లకు చిక్కిన బంతులు ఐదే. కొత్త ఆటగాళ్లకిచ్చే బహుమతి అతనికే దక్కింది. మరుసటి ఏడాది టచ్‌డౌన్లు 20కి తగ్గాయి, చిక్కినవి 12కి పెరిగాయి. పొంగు చల్లారిందన్నారు చాలామంది. కానీ మొదటి ఏడాది అతన్ని బంతితో సహా 38 సార్లు పడగొడితే, రెండో ఏడాది 52 సార్లు పడగొట్టారు. ముందు నిలబడి కాపాడాల్సిన వరస కాపాడలేకపోయింది. ఆ లెక్క ఎవరూ చూడరు, కుర్రాడి మార్కులే చూస్తారు.

ఎదుటి జట్లు కూడా ఊరికే ఉండవు. ఒక ఏడాది ఆడిన ఆటలన్నీ వీడియోలో ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, వీడు ఎటు చూస్తే ఎటు విసురుతాడో కనిపెడతాయి. పరీక్ష పేపరు మారిపోతుందన్నమాట.

మరో కారణం గురువులకు ఆసక్తిగా ఉంటుంది. 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతుంటే ఒకాయన అడ్డుచెప్పాడట. బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ణి తిడితే బాగుపడుతున్నాడు, కాబట్టి మెచ్చుకోలు పనికిరాదని ఆయన వాదన. కానెమన్‌కు అసలు సంగతి అప్పుడే తట్టింది. మరీ బాగా కుదిరిన రోజున నేర్పుకు అదృష్టం కూడా తోడవుతుంది. మర్నాడు అదృష్టం మామూలుగా ఉంటే పని తగ్గినట్టు కనిపిస్తుంది. మెచ్చుకోకపోయినా తగ్గేదే. క్వార్టర్‌బ్యాక్‌కూ అంతే, మన ఫస్ట్ ర్యాంకుకూ అంతే.

అయితే నిజంగానే పడిపోయినవాళ్లు లేరా? ఉన్నారు. 2012లో వాషింగ్టన్ జట్టు రాబర్ట్ గ్రిఫిన్ కోసం తర్వాతి రెండేళ్ల మొదటి ఎంపిక హక్కులు కూడా వదులుకుంది. అతను ఆ ఏడాదే బహుమతి గెలిచాడు, జట్టును తన విభాగంలో మొదటి స్థానంలో నిలిపాడు. డిసెంబరులో మోకాలికి దెబ్బ తగిలింది. అదే మోకాలితో 2013 జనవరిలో పెద్ద ఆటకు దిగాడు. మోకాలు పూర్తిగా దెబ్బతిని ఆపరేషన్ అయింది. మళ్లీ ఆ మొదటి ఏడాది ఆట రాలేదు. 2015లో లీగ్ ఆటల్లో ఒక్కదానికీ అతన్ని దింపలేదు. ఆడగలనని అతనే అన్నాడు, నిజమే. 22 ఏళ్లవాడు అలాగే అంటాడు. వద్దనాల్సింది పెద్దవాళ్లు.

దీనికి ఎదురుగా క్యామ్ న్యూటన్‌ను చూడండి. 2011లో కొత్తవాళ్లలో మేటి. తానే పరుగెత్తి 14 టచ్‌డౌన్లు తెచ్చాడు. 2012లో అవి ఎనిమిదే అయ్యాయి, జట్టు మొదటి ఏడు ఆటల్లో ఆరు ఓడింది. అయినా కోచ్ అతన్ని పక్కన పెట్టలేదు. 2015లో ఆ జట్టు 16లో 15 గెలిచింది, లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా న్యూటన్ నిలిచాడు. ఇక పేటన్ మానింగ్‌దైతే మొదలే తిరకాసు. 1998లో మొదటి ఏడాదే 28 బంతులు ఎదుటివాళ్లకిచ్చాడు. తర్వాత అయిదుసార్లు ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒక్క ఏడాది మార్కులతో మనిషిని తూచకూడదు, హెచ్చయినా తగ్గయినా.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, మన సంఘం ఏటా పదో తరగతిలో ముందు నిలిచిన పిల్లల ఇంటర్ చదువుకు సాయం చేస్తోంది. చాలా మంచి పని. కానీ మొదటి ఏడాది మార్కులు తగ్గితే రెండో ఏడాది సాయం ఆగిపోతుంది. ఆ పిల్లవాడు తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి, అమ్మ చేతి అన్నం నుంచి హాస్టల్‌లోకి వెళ్లాడు. అక్కడ క్లాసులో కూర్చున్నవాళ్లంతా ఏదో ఒక ఊరి ఫస్ట్ ర్యాంకులే. మార్కులు తగ్గకపోతేనే వింత. సరిగ్గా కాపు కాయాల్సిన ఏడాదే మనం వరస వదిలి పక్కకు జరుగుతున్నాం.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఒకటే. ఆ నిబంధన తీసేయండి. మార్కులు తగ్గిన పిల్లవాడి దగ్గరికి మనలో ఒకరు వెళ్లి, ఒంట్లో ఎలా ఉంది, పాఠం అర్థమవుతోందా, కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటున్నావు అని అడుగుదాం. "పొగరెక్కిందా?" అని మాత్రం అడగొద్దు. ఇందుకయ్యే అదనపు ఖర్చులో మొదటి మూడేళ్లది మా బ్యాచ్ భరిస్తుంది. ఇక్కడికి వచ్చే ముందే అందరం అనుకున్నాం.